మూలా నక్షత్రం రాత్రి మా వీధి క్విజ్

వినాయకుణ్ణి గోదాట్లో కలిపొచ్చిన రెండో రోజే మా వీధి దసరా కమిటీ కూర్చుంది. సెక్రటరీ బాబాయిగారు చందాల లెక్క చదివేసి, పుస్తకం మూసి, నా వైపు తిరిగారు. "అమ్మా, ఈసారి క్విజ్ నువ్వు చూసుకోవాలి. పోయినేడాది లాగా అవ్వకూడదు" అన్నారు.

పోయినేడాది సంగతి అందరికీ గుర్తే. ఫోన్లోంచి దించిన ప్రశ్నలు అడిగారు. ఏ దేశానికి ఏ కరెన్సీ, ప్రపంచంలో పొడవైన నది ఏది, ఇలాంటివి. గ్రూప్స్‌కి చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లే గబగబా చెప్పేశారు. మిగతావాళ్లు నోరు విప్పలేదు. పెద్దవాళ్లు మధ్యలోనే లేచి ప్రసాదాల దగ్గరికి వెళ్లిపోయారు. అందుకని నేనొక షరతు పెట్టాను. ప్రశ్నలన్నీ మన రాజమండ్రివే ఉండాలి. దిగువకి ధవళేశ్వరం దాకా వెళ్లొచ్చు, అవతల కొవ్వూరు గట్టు ఎక్కొచ్చు, అంతకు మించి అడుగు వేయకూడదు. బాబాయిగారు ఒక్క క్షణం ఆలోచించి, "అంత సరుకు ఉందంటావా?" అన్నారు. ఉందని అప్పటికప్పుడే చెప్పేశాను.

నా పుట్టిల్లు నూజివీడు. ఈ ఊరికి కోడలిగా వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకి కోటగుమ్మం అంటే బజారు, ఆటోల గొడవ. కొత్తలో నాకు మాత్రం ఆ పేరు వినగానే, గుమ్మం సరే, మరి కోటేదీ అనిపించేది. పేర్ల వెనక ఏముందో అడిగి తెలుసుకోవడం అలా అలవాటైంది. అడిగినప్పుడల్లా ఎవరో ఒకరు ఆగి చెప్పారు. నేను క్విజ్ ఒప్పుకోవడానికి అసలు కారణం ఆ ఆగి చెప్పినవాళ్లే. వాళ్లందరూ ఒకే సాయంత్రం ఒకే చోట కూర్చుంటే బాగుంటుంది కదా అనిపించింది.

మూడు వారాల పైచిలుకు టైముంది. బ్యాంకు నుంచి వస్తూ గౌతమీ గ్రంథాలయానికి వెళ్లడం, ఏడింటికి ఇంటికి చేరడం, రాత్రి పిల్లలు పడుకున్నాక నోటుబుక్కులో రాయడం. మొదటి పది రోజుల్లో 112 ప్రశ్నలు అయ్యాయి. కావలసినవి 36. ఆరు జట్లు, ఒక్కో జట్టుకి ఆరు. తీసెయ్యడం రాయడం కంటే కష్టమైంది.

ముందు "ఏ సంవత్సరంలో" అని మొదలయ్యే ప్రశ్నలన్నీ కొట్టేశాను. ఏడాది అడిగితే వచ్చినవాడు చెప్తాడు, రానివాడు తల దించుకుంటాడు, అక్కడితో ఆ మాట చచ్చిపోతుంది. దాన్నే ఇంకోలా అడిగితే రానివాడు కూడా ఆలోచిస్తాడు. హేవలాక్ వంతెన మీద రైళ్లు 1900లో మొదలయ్యాయి. అది ఎప్పుడని అడక్కుండా, "ఈ వంతెన లేని రోజుల్లో బెజవాడ వైపు నుంచి రైల్లో వచ్చినవాళ్లు మన ఊరికి ఎలా చేరేవారు?" అని రాశాను. కొవ్వూరులో దిగి నది మీద రేవు దాటి వచ్చేవారన్నది జవాబు. ఐదో క్లాసు పిల్ల కూడా కళ్లు మూసుకుని ఊహించి చెప్పగలదు.

రెండోది, ఏ జవాబైనా రెండు చోట్ల అచ్చులో కనపడాలి, లేదా ఆ చోటనే రాతి మీద చెక్కి ఉండాలి. ఈ నియమం వల్ల నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఒకటి పోయింది. "మన ఊరికి ఈ పేరు ఏ రాజు వల్ల వచ్చింది?" అని రాసి, రాజరాజనరేంద్రుడు అని జవాబు పెట్టుకున్నాను. ఊళ్లో ఎవర్నడిగినా అదే చెప్తారు. తీరా పుస్తకాలు తిప్పితే, ఆయనకంటే వందేళ్ల ముందే అమ్మరాజు అనే తూర్పు చాళుక్య రాజుకి రాజమహేంద్రుడన్న బిరుదు ఉంది, ఊరు ఆయన పేరు మీదే వెలిసిందని కొందరు చరిత్రకారులు రాశారు. రెండు వైపులా పెద్దలే. అలాంటి దానికి మార్కులు వేసి ఒకర్ని గెలిపించడం న్యాయం కాదని తీసేశాను. మా మామగారు నొచ్చుకున్నారు గానీ, "పోనీలే, విడిగా చెప్పు" అన్నారు.

మూడోది, సగం ప్రశ్నలైనా రోజూ మనం దాటి వెళ్లే చోట్ల గురించే ఉండాలి. దీనికోసం రెండు ఆదివారాలు తిరిగాను. వీరేశలింగం పంతులుగారు పుట్టిన ఇల్లు, ఆయన కట్టించిన టౌన్‌హాలు, ఆయనా రాజ్యలక్ష్మమ్మగారూ పక్కపక్కన నిద్రపోతున్న ఆనంద గార్డెన్స్, దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం.

వంతెన గురించి మాత్రం పుస్తకం చాలలేదు. మా ఎదురింటి తాతగారు రైల్వేలో గ్యాంగులో చేసి రిటైరయ్యారు. "వంతెన గురించి అడగాలండి" అనగానే "ఆయ్, పదమ్మాయ్" అని చెప్పులేసుకున్నారు. సాయంత్రం ఐదున్నరకి పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చున్నాం. వరద తీసింది గానీ నీళ్లింకా ఎర్రగానే ఉన్నాయి. పాత వంతెన రాతి స్తంభాల మీద వరద ఎంతవరకు ఎక్కిందో చారలు చారలుగా కనిపిస్తోంది. కింద ముదురు గోధుమ రంగు, దాని పైన బూడిద రంగు, ఆ పైన ఎండిన నాచు. తాతగారు చేత్తో చూపిస్తూ చెప్పుకుపోయారు: "అదిగో హేవలాకు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు. కట్టించిన ఇంజనీరు వాల్టన్ అని తెల్లాయన. ఒక్కో స్పాను, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీ, నూట యాభై అడుగులు, మొత్తం 56 స్పాన్లు. పైనుంచి అదిగో రోడ్డూ రైలూ కలిసినది, 1974. మధ్యలో విల్లులాగా వంపులున్నది కొత్తది. అది వచ్చాక 1997లో హేవలాకుకి సెలవిచ్చేశారు." చివరి మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మారింది. తొంభై ఏడేళ్లు రైళ్లని మోసింది ఆ వంతెన. తాతగారు దాని మీద పట్టాలు చూసుకుంటూ నడిచిన మనిషి. నేను రాసుకుంటుంటే నోటుబుక్కు లాక్కుని, 56 అన్న అంకె కింద తానే రెండు గీతలు గీశారు.

జట్ల విషయంలో కూడా కొంచెం ఆలోచించాను. ఒక్కో జట్టులో నలుగురు. ఆ నలుగురిలో అరవై దాటినవాళ్లు ఒకరు, పదిహేను లోపువాళ్లు ఒకరు ఉండి తీరాలి. ఒకే ఇంటివాళ్లు ఒకే జట్టులో ఉండకూడదు. జట్లకి గోదావరి పాయల పేర్లు పెట్టాం: గౌతమి, వశిష్ఠ, కౌశిక, ఆత్రేయ, భారద్వాజ, తుల్యభాగ. బజర్లు అద్దెకి తెద్దామన్నారెవరో. నేను వద్దన్నాను. ప్రతి జట్టుకీ ఒక స్టీలు కంచం, ఒక గరిట ఇచ్చాం. కంచాలు వేరు వేరు సైజులవి, మోత కూడా వేరు వేరుగా వచ్చేలా చూసి తెచ్చాను. అరగంటలో ఏ కంచం ఎవరిదో కళ్లు మూసుకున్నా తెలిసిపోయింది.

మూలా నక్షత్రం రోజునే పెట్టమని అడిగింది కూడా నేనే. ఆ రోజు అమ్మవారికి సరస్వతీ అలంకారం. తెల్ల చీర, చేతిలో వీణ, పాదాల దగ్గర వీధి పిల్లలందరి పుస్తకాలు, పెన్నుల గుట్ట. పొద్దున ఇద్దరు పిల్లలకి అక్షరాభ్యాసం కూడా అయింది. నా ప్రశ్నల కాగితాలు కూడా ఆ గుట్టలోనే పెట్టి, సాయంత్రం హారతి అయ్యాక తీసుకున్నాను.

ఏడుంబావుకి మొదలెట్టాం. కుర్చీలు చాలక అరుగుల మీద, స్కూటర్ల మీద కూర్చున్నారు. మొదటి ప్రశ్న ఆత్రేయ జట్టుకి: "కోటిపల్లి బస్టాండు దగ్గర పాల్ చౌక్ ఉంది కదా. దానికా పేరు ఎందుకొచ్చింది?"

ఏడో క్లాసు కుర్రాడు వెంటనే, "పాలు అమ్మేవాళ్లండి అక్కడ" అన్నాడు. అందరూ నవ్వారు. వాడి జట్టులోని మామ్మగారు వాడి భుజం మీద చెయ్యేసి, "కాదురా నాన్నా, బిపిన్ చంద్రపాల్" అన్నారు. అదే జవాబు. వందేమాతరం ఉద్యమం వేడి మీదున్న రోజుల్లో, 1907 ఏప్రిల్‌లో, ఆయన మన ఊరొచ్చి వరసగా ఉపన్యాసాలిచ్చారు. ఆయన ఇంగ్లీషులో చెప్తుంటే తెలుగులో చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఆ సభల్లోనే చిలకమర్తివారు "భరతఖండంబు చక్కని పాడియావు" అన్న పద్యం చెప్పారు. దేశం ఆవు, మనం దూడలం, తెల్లవాళ్లు దూడల మూతులు బిగించి పాలు పితుక్కుంటున్నారని దాని అర్థం. ఈ మాట చెప్తుంటే నాకే తట్టింది, ఆ కుర్రాడు అన్న పాలు ఆ కథలో ఉన్నాయి. మైకులోనే వాడికి ఆ సంగతి చెప్పాను. జవాబు మామ్మగారిదే, మార్కూ దానికే. కానీ పాల మాట అన్నది తనేనని ఆ తర్వాత వాడు కనపడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

వీరేశలింగం గారి గురించి ఒక్కటే అడిగాను. "1881 డిసెంబరు 11న మన ఊళ్లో పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఊరు వెలేసింది, వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు రామన్నారు. మరి ఆ పెళ్ళికి నీళ్లెవరు మోశారు, వంటెవరు చేశారు?" మగవాళ్లు స్నేహితుల పేర్లు, శిష్యుల పేర్లు చెప్పారు. కౌశిక కంచం మోగింది. ఇడ్లీ బండి నడిపే అక్క లేచి, "ఆవిడేనండి, వాళ్లావిడ. ఇంకెవరు చేస్తారండి!" అంది. ఆవిడ పుస్తకం చదివి చెప్పలేదు, పెళ్ళి వంట బరువు తెలిసి చెప్పింది. రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చి, వండి, వడ్డించారని చెప్తుంటే ఆడవాళ్ల వైపు నుంచి చప్పట్లు లేచాయి. ఆ సాయంత్రం అన్ని ప్రశ్నల్లోకీ నాకిదే గొప్పగా తోచింది. పంతులుగారి విగ్రహానికి దండలేసే ఊళ్లో ఆ బిందెల సంగతి కూడా అందరి నోటా ఉండాలని నా కోరిక.

ధవళేశ్వరం ప్రశ్న కాలేజీ పిల్లలు తన్నుకుపోయారు. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట ఒకే గోడ కాదు, మధ్యలో లంకలుండటంతో నాలుగు ముక్కలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పేర్లూ వరసగా చెప్పారు. దీనికి కొసరు ప్రశ్న భారద్వాజ జట్టులోని పురోహితుల వారి అబ్బాయికి పడింది: "స్నాన సంకల్పంలో ఏ దొరని భగీరథుడని తలుచుకునేవారు?" వాడు నోటితో చెప్పకుండా, వాళ్ల తాతగారి దగ్గర నేర్చుకున్న శ్లోకమే చదివేశాడు.

ఎవరికీ రానిది ఒకటుంది. 1878లో మద్రాసులో ఆరుగురు యువకులు కలిసి హిందూ పత్రిక పెట్టారు. ఆ ఆరుగురిలో ఒకాయన తర్వాత మన ఊళ్లో పేరున్న వకీలు, మున్సిపల్ ఛైర్మను కూడా. న్యాపతి సుబ్బారావు పంతులు గారు. ఆరు కంచాలూ నిశ్శబ్దంగా ఉన్నాయి. నేనే చెప్పాను. తప్పు ప్రశ్నదే. కంటికి కనపడే చోటు ఒకటి దానికి ముడిపెట్టి అడగాల్సింది.

ఎనిమిదింబావు దాటాక కరెంటు పోయింది. సీరియల్ సెట్ల లోడు ఎక్కువైందో ఏమో, వీధంతా చీకటి. అమ్మవారి దగ్గర దీపాలు మాత్రం వెలుగుతున్నాయి. మైకు లేదు. సెల్‌ఫోన్ లైట్లు వేయబోయారు. నేను వద్దన్నాను. ఎందుకంటే కాగితంలో 31వ ప్రశ్న ఉంది, దానికి చీకటే కావాలి.

గొంతు పెంచి అడిగాను: "అందరూ పైకి చూడండి. ఇది శరదృతువు. వెయ్యేళ్ల క్రితం ఈ ఊళ్లోనే, రాజరాజనరేంద్రుడి కొలువులో, ఒక కవి ఇలాంటి రాత్రి మీదే పద్యం రాశాడు. ఆయన మనకి దక్కించిన ఆఖరి పద్యం అదేనంటారు. ఆ కవి ఎవరు? ఆ పద్యం ఎలా మొదలవుతుంది?"

సప్తమి చందమామ సగమే ఉంది, పడమటి డాబాల మీదకి వాలుతోంది. వీధి దీపాలు లేకపోయేసరికి నక్షత్రాలు ఎన్నడూ లేనన్ని కనపడ్డాయి. కంచం మోగలేదు. వశిష్ఠ జట్టులోంచి డెబ్బై ఎనిమిదేళ్ల మామ్మగారు కూర్చున్న చోటి నుంచే "శారదరాత్రులు..." అని అందుకున్నారు. నాలుగు పాదాలూ ఎక్కడా తడుముకోకుండా చదివారు. చిన్నప్పుడు బళ్లో కంఠస్థం పట్టారట. నక్షత్రాల హారాలు, విచ్చుకున్న తెల్లకలువల వాసన మోసుకొచ్చే గాలి, ఆకాశమంతా కర్పూరపు పొడిలా పరుచుకున్న వెన్నెల, ఆవిడ గొంతులో ఒక్కొక్కటే వచ్చాయి. అరణ్యపర్వంలో నన్నయ అక్కడ ఆగితే, ఎర్రన వచ్చి మిగతాది పూరించాడని ఆవిడే చెప్పారు. పిల్లలు కదల్లేదు. నా పక్కనున్న అమ్మాయి నా చెవిలో, "ఆంటీ, ఇదే ఆకాశమా ఆయన చూసింది?" అని అడిగింది. ఇదేనమ్మా అన్నాను.

కరెంటొచ్చాక రిటైరైన సోషలు మేష్టారు లేచారు. "ఊరి పేరు ప్రశ్న అడగలేదేమమ్మా?" అన్నారు. ఎందుకు తీసేశానో చెప్పి, రాజరాజు కథ, అమ్మరాజు బిరుదు రెండూ వినిపించాను. మేష్టారు అమ్మరాజు వైపు, మా మామగారు రాజరాజు వైపు. పది నిమిషాలు గట్టిగానే వాదించుకున్నారు. 2015లో సర్కారువారు రాజమహేంద్రవరం అని పేరు మార్చినా ఇద్దరూ వాదన పొడుగునా రాజమండ్రి అనే అన్నారు.

వంతెన ప్రశ్న దగ్గరే అసలు చిక్కు వచ్చింది. "హేవలాక్ వంతెనకి స్పాన్లు ఎన్ని?" అంటే గౌతమి జట్టు 56 అంది. ముందు వరసలో తాతగారు తల ఊపారు. నేను మార్కు వేయబోతుంటే వశిష్ఠలోని ఎనిమిదో క్లాసు పిల్లలిద్దరు లేచి, "మరి నదిలో స్తంభాలు ఎన్ని ఆంటీ?" అని అడిగారు. 56 ఖాళీలుంటే రెండు చివరలు గట్టు మీద ఆనతాయి కాబట్టి మధ్యలో 55 ఉండాలని వాళ్ల లెక్క. లెక్క ప్రకారం సరైనదే. కానీ స్తంభాల సంఖ్య నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు, నా నియమం ప్రకారం మార్కు వేయలేను. ఆ మాటే చెప్పాను. వాళ్లు కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

ఆఖరికి గౌతమి, వశిష్ఠ సమానంగా నిలిచాయి. తేల్చే ప్రశ్న: "ఇరవై ఏడేళ్ల వయసులో మశూచితో పోయిన మన ఊరి మనిషి ఒకాయన, 1925లో. ఆయన చేతి పని చూడాలంటే ఇవాళ్టికీ మన ఊళ్లోనే ఒక చోటికి వెళ్లాలి. ఎవరాయన? ఆయన్ని బొంబాయి పంపించి చదువు చెప్పించిన దొర ఎవరు?" పెద్దవాళ్లు ఆలోచిస్తుండగా గౌతమి పిల్ల కంచం మోగించింది. దామెర్ల రామారావు, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే. బడివాళ్లు గ్యాలరీకి తీసుకెళ్లారట, అక్కడి కార్తీక పౌర్ణమి బొమ్మ దగ్గర తను ఎక్కువసేపు నిలబడిపోతే టీచరుగారు ఈ కథ చెప్పారట.

బహుమతులు పెద్దవేం కాదు. గెలిచినవాళ్లకి ఆత్రేయపురం పూతరేకులు, ఆడినవాళ్లందరికీ అమ్మవారి పాదాల దగ్గర పెట్టిన పెన్ను ఒక్కోటి. జనం పదిన్నర దాకా కదల్లేదు. కంచాలు ఎవరింటివి వాళ్లకి ఇచ్చేసరికి పదకొండు దాటింది.

దసరా వెళ్లిన మూడో రోజు పొద్దున్నే ఆ వశిష్ఠ పిల్లలిద్దరూ మా గుమ్మం ముందు సైకిళ్లు ఆపారు. తెల్లవారకుండానే పుష్కరాల రేవుకి వెళ్లి స్తంభాలు లెక్కపెట్టారట. రఫ్ నోటుబుక్కులో ఐదేసి గీతల కట్టలు చూపించారు. 31 దాకా బాగానే వచ్చిందట, ఆ తర్వాత మంచు కమ్మేసి లెక్క తప్పింది. ఆదివారం ఎదురింటి తాతగారిని వెంటబెట్టుకుని ఈసారి కొవ్వూరు వైపు నుంచి మొదలెడతారట.